ఒంపు తిరిగిన అచ్చులో కార్బన్ బట్ట: మోటార్‌సైకిల్ ముందు మడ్‌గార్డ్ ప్యాటర్న్ కేస్ స్టడీ

వస్తువు: మోటార్‌సైకిల్ ముందు చక్రం మీది మడ్‌గార్డ్. లోపలికి గుంటగా ఉన్న అచ్చులో పొడి కార్బన్ బట్ట పరిచి, వాక్యూమ్ ఇన్ఫ్యూజన్‌తో (పైన ప్లాస్టిక్ బ్యాగు కప్పి, లోపలి గాలి లాగేసి, ఆ లాగుడుతో రెసిన్‌ను బట్టలోకి పాకించడం) ఎపాక్సీ రెసిన్ ఎక్కించే పని. బయటి ముఖం అచ్చుకు ఆనుకుని ఉంటుంది, పెయింట్ లేదు, పైన క్లియర్ కోటు మాత్రమే. కాబట్టి నేత ఎలా పడితే అలాగే జనానికి కనిపిస్తుంది.

బట్ట: 3కె పోగులతో (ఒక్కో పోగులో మూడు వేల పీచులు) నేసిన 2/2 ట్విల్ (ప్రతి పోగు రెండింటి మీదుగా, రెండింటి కిందుగా సాగే ఏటవాలు చారల నేత), చదరపు మీటరుకు 200 గ్రాములు, రోల్ వెడల్పు 1 మీటరు. మొత్తం నాలుగు పొరలు. పీచు వంతు ఘనపరిమాణంలో సగం అనుకుంటే ఒక్కో పొర మందం సుమారు 0.22 మి.మీ., నాలుగూ కలిపి 0.9 మి.మీ.

అచ్చు కొలతలు ముందే చెప్పుకోవాలి, తర్వాతి లెక్కంతా వాటి మీదే నడుస్తుంది. అడ్డంగా కోసి చూస్తే 70 మి.మీ. వ్యాసార్ధపు విల్లు, ఆ విల్లు కేంద్రం చక్రం ఇరుసు నుంచి 300 మి.మీ. దూరంలో ఉంటుంది. అంటే వెన్ను గీత (మడ్‌గార్డ్ నడినెత్తిన పొడవునా పోయే గీత) వ్యాసార్ధం 370 మి.మీ. పొడవు దిశలో మడ్‌గార్డ్ 120 డిగ్రీల మేర తిరుగుతుంది. పక్క గోడలు వెన్ను నుంచి రెండు వైపులా 80 డిగ్రీల వరకు దిగుతాయి, మిగిలిన 10 డిగ్రీలు అచ్చు నుంచి ఊడటానికి వదిలిన వాలు. వెన్ను మీద పొడవు 775 మి.మీ. పక్క అంచు దగ్గర వ్యాసార్ధం 312కి తగ్గిపోతుంది గనుక అక్కడ పొడవు 654 మి.మీ. మాత్రమే. ఈ 121 మి.మీ. తేడాను బట్ట ఎక్కడో ఒకచోట మింగాలి. ప్యాటర్న్ (బట్టను కోసే చదును ఆకారం) పని అంటే అది ఎక్కడ మింగాలో మనం నిర్ణయించడమే.

అచ్చుతో పాటు వచ్చిన ప్యాటర్న్

పాత ప్యాటర్న్‌ను మాస్కింగ్ టేపుతో తీశారు: అచ్చు లోపల టేపు అతికించి, ఊడదీసి, బల్ల మీద పరిచి, చదునుగా కూర్చోని చోట్ల చీల్చి, ఆ ఆకారాన్ని అట్ట మీదికి దించారు. నాలుగు పొరలూ అదే ఆకారం, అదే దిశ: పడుగు పొడవునా, పేక అడ్డంగా. నాలుగు మూలల్లోనూ అంచు నుంచి 35 మి.మీ. లోతున వి ఆకారపు కోతలు.

అచ్చు నుంచి తీసిన పీసుల్లో కనిపించిన లోపాలు ఇవి. నాలుగు మూలల్లో, కోతలు ఉన్నా సరే, వెన్ను వైపు పాకిన ముడతలు. కోత చీలిక నాలుగు పొరల్లోనూ ఒకే చోట పడటంతో అక్కడ పొడవు దిశ పోగు ఒక్కటీ కొనసాగలేదు, రెండు అంచుల మధ్య ఉన్నది ఒట్టి రెసిన్ గీత. ఫోర్కు బిగించే ప్యాడ్ల దగ్గర బట్ట గుంటలో కూర్చోకుండా వంతెనలా నిలబడింది, వెనక రెసిన్ పేరుకుని గాలి బుడగలు. చివరిగా, పక్క గోడల మీద నేత రెండు వైపులా ఒకేలా లేదు.

వీటిలో వి కోతల సంగతే అన్నిటికంటే చెడ్డది. ముడత కనీసం కంటికి కనిపిస్తుంది, పీసు పక్కన పడేస్తాం. నాలుగు పొరలూ ఒకే గీత మీద తెగిన అంచు క్లియర్ కోటు కింద ఏ లోపమూ లేనట్టే ఉంటుంది, తర్వాత ఇంజిన్ కంపనానికి అక్కడి నుంచే పగులు మొదలవుతుంది.

మూలలు ఎందుకు ముడుచుకున్నాయి

నేసిన కార్బన్ బట్ట పోగు దిశలో సాగదు. దానికి ఉన్న ఒకే ఒక్క వెసులుబాటు షియర్: పడుగు, పేక మధ్య ఉన్న లంబకోణం కత్తెరలా మూసుకోవడం. అదీ ఒక హద్దు వరకే. ఈ తరహా 2/2 ట్విల్ సుమారు 50 డిగ్రీల షియర్ దగ్గర బిగుసుకుపోతుంది. సాదా నేత అంతకంటే ముందే బిగుస్తుంది, శాటిన్ ఇంకా కొంచెం ఓర్చుకుంటుంది. బిగుసుకున్న తర్వాత బట్టకు మిగిలే దారి పైకి లేవడం, అంటే ముడత.

టేపుకి, కాగితానికి ఈ షియర్ ఉండదు. అందుకే టేపు ప్యాటర్న్ చీలికలు అడుగుతుంది, బట్టకు ఆ చీలికలు అక్కర్లేకపోవచ్చు. ఒకే దిశలో వంగిన అచ్చులకు టేపు చాలు. రెండు దిశల్లో వంగిన అచ్చు మీద అది చెప్పేది టేపు గురించే.

ఎక్కడ ఎంత షియర్ వస్తుందో సాఫ్ట్‌వేర్ లేకుండానే ఉజ్జాయింపుగా కట్టొచ్చు. పోగులు సాగవు, ముడుల దగ్గర తిరగగలవు అనుకునే లెక్కను చేపల వల నమూనా అంటారు. దాని ప్రకారం ఒకదాన్నొకటి లంబంగా దాటే రెండు ఆధార పోగులను నిటారుగా పరిచి మొదలుపెడితే, ఆ రెంటికీ ఒక బిందువుకీ మధ్య చిక్కుకున్న ఉపరితలపు మొత్తం గౌసియన్ వక్రత (రెండు దిశల వంపులను గుణిస్తే వచ్చే విలువ) ఎంతో, ఆ బిందువు దగ్గర షియర్ కోణం అంత. మడ్‌గార్డ్ లాంటి వలయాకారానికి ఆ మొత్తం చాలా సులువుగా వస్తుంది: పొడవు దిశలో తిరిగిన కోణాన్ని, పక్కకు దిగిన కోణపు సైన్‌తో గుణించాలి.

పాత ప్యాటర్న్‌లో ఆధార పోగులు వెన్ను గీత, నడిమధ్య అడ్డగీత. మూల వరకు పొడవు కోణం 60 డిగ్రీలు, పక్క కోణం 80. గుణిస్తే 59 డిగ్రీలు. ఈ లెక్క కాస్త ఎక్కువ చేసి చూపిస్తుంది, ఎందుకంటే అడ్డ పోగులు కిందికి దిగే కొద్దీ చివరల వైపు వాలి, చిక్కుకునే వైశాల్యం తగ్గుతుంది. ఆ వాలు తీసేస్తే నిజమైన అంకె 50 దగ్గర ఆగుతుంది. సరిగ్గా బట్ట బిగుసుకునే హద్దు. మనిషి చేతిలో ఒక డిగ్రీ అటు ఇటైనా ముడత ఖాయం. పైగా 50 డిగ్రీల షియర్‌లో బట్ట బరువు 200 నుంచి చదరపు మీటరుకు 311 గ్రాములకు పెరుగుతుంది, నాలుగు పొరల మందం 0.9 నుంచి 1.4 మి.మీ. దాకా పోతుంది. అక్కడ పోగులు దట్టమై రెసిన్ నెమ్మదిగా పాకుతుంది, పక్కనే ఉన్న వి కోత సందులో మాత్రం పరుగెత్తి ముందుకు పోతుంది. మూలల్లో పొడి మచ్చలు రావడానికి ఇదొక కారణం.

బట్టను ఐమూలగా తిప్పితే

ఇప్పుడు అదే బట్టను 45 డిగ్రీలు తిప్పి, పోగులు వెన్ను గీతకు రెండు వైపులా ఐమూలగా పరుగెత్తేలా పెడదాం. చక్రంలా తిరిగే ఏ ఆకారానికైనా వల లెక్క ఒక సూత్రానికి దిగుతుంది: పోగు కోణపు కొసైన్‌ను ఆ చోటి వ్యాసార్ధంతో భాగిస్తే వచ్చే విలువ అంతటా ఒకటే. పోగు కోణం అంటే పొడవు దిశకు పోగు చేసే కోణం.

వెన్ను మీద 370 వ్యాసార్ధం, 45 డిగ్రీలు. అంచు దగ్గర 312 వ్యాసార్ధం, కాబట్టి కొసైన్ 0.707 నుంచి 0.596కు తగ్గుతుంది, కోణం 53.4 డిగ్రీలు. షియర్ అంటే 45 నుంచి జరిగిన దానికి రెట్టింపు: 16.8, అంటే 17 డిగ్రీలు. పక్కకు 40 డిగ్రీలు దిగిన చోట 5, 60 దగ్గర 10, 80 దగ్గర 17. ఈ అంకెలు పొడవునా మారవు, మూలల్లో పోగుపడే సమస్యే లేదు.

ఒకే అచ్చు, ఒకే బట్ట. దిశ మార్చినందుకు 50 కాస్తా 17 అయింది, కోతలన్నీ ఎగిరిపోయాయి. డిజైన్ డ్రాయింగులో పొర దిశ రాసేవారు, ప్యాటర్న్ కోసేవారు వేరు వేరు బల్లల దగ్గర కూర్చుంటే ఇది ఎవరికీ తట్టదు. అందుకే దిశ ఖరారయ్యాక ప్యాటర్న్ గీయడం కాకుండా, రెండూ ఒకేసారి తేల్చుకోవాలి.

చదునుగా పరిచినప్పుడు ఈ పొర ఆకారం దీర్ఘచతురస్రమే. అంచు పొడవు అచ్చులో 654 ఉన్నా బల్ల మీద 775 ఉండాలి, ఎందుకంటే షియర్‌తో అది పొడవు దిశలో దగ్గరికి జరుగుతుంది. అలా జరిగినప్పుడు అడ్డంగా సాగుతుంది, అంచు దగ్గర 13 శాతానికి పైగా. అందువల్ల అచ్చు అడ్డకొలత 195 మి.మీ. అయినా బల్ల మీద వెడల్పు 186 మి.మీ. చాలు. చుట్టూ 40 మి.మీ. మార్జిన్ కలిపితే కోసే కొలత 855 × 266 మి.మీ. టేపు ప్యాటర్న్ చూసి అలవాటైన కంటికి ఈ దీర్ఘచతురస్రం తప్పుగానే తోస్తుంది.

2/2 ట్విల్‌లో ఒక మెలిక ఉంది. ట్విల్ చారలు పోగులకు 45 డిగ్రీల్లో నడుస్తాయి గనుక ఐమూలగా కోసినప్పుడు అవి మడ్‌గార్డ్ పొడవునా తిన్నగా వస్తాయి, లేదా పూర్తిగా అడ్డంగా వస్తాయి. ఏ ఐమూల వైపు కోశామన్నదే తేడా. బలానికి రెండూ ఒకటే, కంటికి కాదు. ఇక్కడ పొడవు చారలు ఎంచుకున్నారు: వెన్ను మీద చార తిన్నగా సాగితే మధ్యగీత ఎంత కచ్చితంగా పడిందో చూడగానే తెలుస్తుంది. పక్కలకు దిగే కొద్దీ చారల ఎడం కొద్దిగా పెరుగుతుంది, అది పైన చెప్పిన 13 శాతం సాగుడే, లోపం కాదు. కట్టింగ్ షీటులో బాణం గుర్తు పడుగు కోసం కాకుండా చార కోసం వేస్తే కోసేవారికి పొరపాటు తగ్గుతుంది.

కొత్త పొరల వరస

అన్ని పొరలనూ ఐమూలగా పెట్టేస్తే మడ్‌గార్డ్ పొడవు దిశలో మెత్తబడుతుంది, ముందు కొస ఊగుతుంది. కాబట్టి బయట, లోపల ఐమూల పొరలు. మధ్య రెండూ నేరు పొరలు, అంటే పడుగు పొడవునా ఉన్నవి. వరస సౌష్ఠవంగా ఉంది గనుక చల్లారాక మెలి తిరగదు.

నేరు పొరలను ఒకే ముక్కగా పెడితే మళ్లీ 50 డిగ్రీల దగ్గరికే వస్తాం. వాటిని అడ్డంగా రెండు ముక్కలు చేసి, ప్రతి ముక్కను దాని సొంత నడిమధ్య నుంచి పరవాలి. అతుకు నడిమధ్యలో వద్దు, ఫోర్కు ప్యాడ్లు అక్కడే ఉన్నాయి. రెండో పొర అతుకు మధ్యగీతకు 60 మి.మీ. ముందు, మూడో పొర అతుకు 60 మి.మీ. వెనక. అతుకు దగ్గర ముక్కలు 20 మి.మీ. మేర ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. వెన్ను మీద పొట్టి ముక్క 327, పొడవు ముక్క 447 మి.మీ. పొడవు ముక్కకు సగం కోణం 34.6 డిగ్రీలు, దాని మూలలో షియర్ ఎక్కువలో ఎక్కువ 34. పొట్టి ముక్కకు 25. రెండూ బిగుసుకునే హద్దుకు దూరంగానే ఉన్నాయి.

అతుకు మెట్టు అచ్చు వైపు కాకుండా బ్యాగు వైపు పడుతుంది కాబట్టి బయటి ముఖం మీద దాని గుర్తు పడే భయం తక్కువ. అయినా రెండు అతుకులు ఒకే చోట రాకూడదు, మెట్టు రెట్టింపైతే దాని అంచున రెసిన్ చేరి, గట్టిపడేటప్పుడు కుంచించుకుని క్లియర్ కోటు కింద సన్నని గీతలా కనిపిస్తుంది.

ఈ నేరు ముక్కల చదును ఆకారం సూత్రంతో అంత తేలిగ్గా రాదు. ఫైబర్‌సిమ్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉంటే డీఎక్స్‌ఎఫ్ ఫైలు నేరుగా వస్తుంది. లేకపోతే చేతి పద్ధతి: వాడబోయే అదే బట్టను పెద్దగా కోసి, వెండి రంగు మార్కరుతో ప్రతి 20 మి.మీ.కు పోగు వెంబడే గీతలు గీయాలి, స్కేలు పెట్టి కాదు. నడిమధ్య నుంచి అచ్చులో పరిచి, ట్రిమ్ గీతను (పీసు అంచును చివరికి కోసే గీత) బట్ట మీద చుక్కలుగా గుర్తించి, తీసి బల్ల మీద వేసి, గీతలు మళ్లీ లంబంగా వచ్చేదాకా సర్ది, ఆ చుక్కలను కాగితం మీదికి దించాలి. ముక్క మూలలు పొడవు దిశలో లోపలికి తగ్గి, కిందికి మాత్రం చెవుల్లా సాగి వస్తాయి. నాలుగు మూలలూ సమానంగా ఉండాలి. వాటి మధ్య 5 మి.మీ. మించి తేడా వస్తే బట్ట వంకరగా పడిందని అర్థం, సగటు తీయకుండా మళ్లీ పరవాలి. గాజు బట్ట మీద ట్రయల్ వేసి ఆ ప్యాటర్న్ కార్బన్‌కు వాడటం పొదుపులా కనిపిస్తుంది కానీ నేత బిగువు వేరు, షియర్ హద్దు వేరు.

కోత, మోత

ఐమూల ముక్క ఎత్తిన క్షణం నుంచే పాడవుతుంది. రెండు కొసలు పట్టుకుని లేపితే పొడవుగా సాగి, సన్నబడుతుంది, వెన్ను మీద 45 డిగ్రీలు పోతాయి. కోసే గీత మీద ముందే మాస్కింగ్ టేపు వేసి, టేపు మధ్యలోంచి రోటరీ కట్టరుతో కోయాలి. ముక్కను ప్లాస్టిక్ షీటు మీదే ఉంచి, షీటుతో సహా గొట్టానికి చుట్టి అచ్చు దగ్గరికి తేవాలి. కోసిన వెంటనే ముక్క మీద పోగుల వెంబడి 100 మి.మీ. భుజం ఉన్న చతురస్రం గీసి పెట్టుకుంటే, పరిచే ముందు దాని కర్ణాలు కొలిచి చూడొచ్చు. రెండూ 141 మి.మీ. ఉండాలి. ఒకటి 144, ఇంకొకటి 139 ఉంటే బట్ట దారిలోనే సాగింది, షీటు మీద నెమ్మదిగా వెనక్కి సర్దాలి. గుర్తుల కోసం బట్ట అంచున గాట్లు పెట్టకూడదు, గాటు నుంచి పోగులు ఊడిపోతాయి. చుక్క లేదా టేపు ముక్క చాలు.

రోల్ లెక్క: 855 × 266 ముక్క ఐమూలగా పడితే రోల్ వెడల్పులో 793, పొడవులో 793 మి.మీ. తీసుకుంటుంది. పక్కపక్కనే పేర్చితే తర్వాతి ప్రతి ముక్కకు 376 మి.మీ. చొప్పున జరిగితే చాలు. ఒక్క మడ్‌గార్డ్‌కు రెండు ఐమూల ముక్కలు, 1.17 మీటర్లు. ఐదింటికి కలిపి ఒకేసారి కోస్తే పది ముక్కలు 4.18 మీటర్లలో వస్తాయి, ఒక్కోదానికి 0.84 మీటరు. ఒకటొకటిగా కోసేవారు చెత్తబుట్టలో వేసేది ఈ తేడానే. అంచున మిగిలే 207 మి.మీ. పట్టీ, చివరల త్రిభుజాలు ప్యాడ్ దగ్గరి పట్టీలకు పనికొస్తాయి.

కార్బన్ ధూళి విద్యుత్తును ప్రసారం చేస్తుంది. కోసే బల్ల దగ్గర తెరిచిన స్విచ్ బోర్డు, మోటారు ఉండకూడదు. మాస్కు, చేతి తొడుగులు సరే సరి.

అచ్చులో పరిచే క్రమం

ఫోర్కు ప్యాడ్లు ఒక్కోటి 90 × 45 మి.మీ., అచ్చులో 4 మి.మీ. లోతు గుంటలు, అంచులు 45 డిగ్రీల వాలు. ఆ వాలు దిగి ఎక్కడానికి బట్టకు ప్రతి దిశలో సుమారు 3.3 మి.మీ. అదనపు పొడవు కావాలి. అంతే. కానీ చుట్టుపక్కల బట్ట ముందే అచ్చుకు అంటుకుని ఉంటే ఆ 3 మి.మీ. కూడా లాగలేం. పాత పద్ధతిలో ప్యాడ్‌ను చివర్లో నొక్కేవారు, నేరు పొర పొడవు పోగు అయితే 775 మి.మీ. పొడవునా రాపిడిని దాటి జరగాలి, అందుకే బట్ట వంతెన కట్టింది. ఐమూల పొరలో ఒక్కో పోగు అంచు నుంచి అంచుకు దాదాపు 260 మి.మీ. మాత్రమే, తేలిగ్గా జారుతుంది.

క్రమం ఇది. ముందు వెన్ను గీత, మధ్య నుంచి రెండు కొసల వైపు, లాగకుండా కేవలం అదుముతూ. తర్వాత రెండు ప్యాడ్లు, గుంట అడుగు నుంచి బయటికి. ఆ తర్వాతే పక్క గోడలు. ఇక్కడ చాలామంది అంచును పొడవు దిశలో దగ్గరికి నెట్టడానికి చూస్తారు. బట్ట నెట్టితే ముడుచుకుంటుంది తప్ప షియర్ అవ్వదు. అంచును పట్టుకుని అడ్డంగా, అచ్చు అంచు మీదుగా పైకి లాగాలి. అడ్డంగా సాగే కొద్దీ పొడవు దానంతట అదే తగ్గుతుంది. నడిమధ్య నుంచి మొదలుపెట్టి, 50 మి.మీ. ఎడంతో, ఒకసారి కుడి ఒకసారి ఎడమ.

ప్యాడ్ అంచు మూలలు 3 మి.మీ. వ్యాసార్ధంతో ఉన్నాయి, వాటిని మైనంతో 6 మి.మీ.కు పెంచారు. ప్యాటర్న్‌తో ఎంత సర్దినా 3 మి.మీ. మూలలో నాలుగు పొరలు సరిగా కూర్చోవు. ప్యాడ్ దగ్గర అదనంగా మూడు పట్టీలు, ఒక్కోటి కిందిదానికంటే చుట్టూ 10 మి.మీ. పెద్దది, రెండో మూడో పొరల మధ్య, ఐమూలగా.

ప్రతి పొర తర్వాత తొమ్మిది చోట్ల పోగుల మధ్య కోణం చూడాలి: ముందు, మధ్య, వెనక, ప్రతి దగ్గరా వెన్ను, రెండు అంచులు. పారదర్శక షీటు మీద అచ్చేసిన కోణమాని చాలు. ఐమూల పొరకు వెన్ను మీద 90, అంచున 73 రావాలి, 3 డిగ్రీల వరకు తేడా ఒప్పుకోవచ్చు. ఒక అంచు 73, ఎదుటి అంచు 80 చూపిస్తే వెన్ను గీత పక్కకు జారింది. ఆ పొర తీసి మళ్లీ వేయాలి, ఒక పక్కనే లాగి సరిచేస్తే చార వంకర పోతుంది.

బ్యాగు వేశాక రెసిన్ వదలకముందే పూర్తి వాక్యూమ్ పెట్టి ప్యాడ్ గుంటలను వేలితో నొక్కి చూడాలి. మెత్తగా లోపలికి వెళ్లిందంటే వంతెన ఉన్నట్టే. బ్యాగు ఫిల్మ్ కూడా వంతెన కడుతుంది, ప్రతి ప్యాడ్ పక్కన ఒక మడత వదలాలి.

ఫలితం

మూలల ముడతలు, వి కోతలు లేవు. నేత రెండు పక్కలా ఒకేలా ఉంది. అచ్చు ఉపరితలం 0.143 చ.మీ. కాబట్టి ట్రిమ్ చేసిన పీసులో పట్టీలు, అతుకులు కాకుండా పీచు 114 గ్రాములు, దాంతో 73 గ్రాముల ఎపాక్సీ, సుమారు 187 గ్రాములు రావాలి. ఇంతకంటే బాగా బరువు తూగితే మొదట చూడాల్సింది ప్యాడ్ల వెనక పేరుకున్న రెసిన్.

వేరే చక్రానికి, వేరే కొలతలకు ఇదే ప్యాటర్న్ తీసేటప్పుడు ఒక్క నిష్పత్తి చూస్తే చాలు: అంచు వ్యాసార్ధాన్ని వెన్ను వ్యాసార్ధంతో భాగించాలి. ఇక్కడ 0.84. వెనక చక్రపు మడ్‌గార్డ్‌లో విల్లు 90, కేంద్ర దూరం 250 ఉందనుకుంటే 0.78, షియర్ 23 డిగ్రీలు, ఒకే ముక్క సరిపోతుంది. నిష్పత్తి 0.54కు పడిపోతే షియర్ 45 అవుతుంది, అక్కడ ఒకే ముక్క మీద ఆశ పెట్టుకోకూడదు. మధ్యలో ఉన్నవాటికి వెన్ను మీద 45కు బదులు 41 లేదా 40తో మొదలుపెడితే, అంటే పరిచేటప్పుడే వెన్ను దగ్గర బట్టను పొడవుగా కొంచెం సాగదీస్తే, షియర్ కొంత వెన్నుకు, కొంత అంచుకు పంచబడుతుంది. అప్పుడు దీర్ఘచతురస్రం పొడవును అదే నిష్పత్తిలో తగ్గించి, వెడల్పును పెంచి కోయాలి.